ఆరంభశూరుల అభిమాని

భారతదేశంలో ఎండలు ముదిరి మామిడికాయలు పండ్లవుతున్న వేళకు దక్షిణార్ధగోళంలోని మెల్బోర్న్ నగరంలో ఆకులు రాలడం మొదలవుతుంది. వేసవి అంతా క్రికెట్ ఆడిన మైదానాలలో వికెట్లు తీసివేసి, రెండు చివరలా నాలుగేసి ఎత్తయిన స్తంభాలు నాటుతారు. మార్చిలో ఆరంభమయ్యే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ సెప్టెంబరు చివర మహాఫైనలుతో గాని ముగియదు. క్రికెట్ మూలాన భారతీయులకు చిరపరిచితమైన మెల్బోర్న్ క్రికెట్ గ్రౌండులో ఆ చివరి ఆటను సుమారు లక్షమంది కూర్చుండి చూస్తారు. 1859లో ఆ నగరంలోనే నిబంధనలు వ్రాసుకొన్న ఆట ఇది. బంతి కోడిగ్రుడ్డు ఆకారంలో ఉంటుంది. పక్షానికి పద్ధెనిమిదిమంది. నడిమి రెండు స్తంభాల మధ్యగా తన్నితే గోల్, అంటే ఆరు పాయింట్లు. ప్రక్క స్తంభాల మధ్యగా పోతే ఒక్క పాయింటు. గురి తప్పినవానికి కూడ కొంత ప్రతిఫలం ముట్టజెప్పే ఆటలు లోకంలో అరుదు. ఆ ఒక్క పాయింటుకు ఈ కథలో పెద్ద స్థానమే ఉన్నది.

అభిమాని స్వభావం తెలుసుకొనదలచినవారు అతనిని సెప్టెంబరులో చూడరాదు. ఆ నెలలో గెలిచినవారందరి సంతోషమూ ఒక్కటే, ఓడినవారందరి దుఃఖమూ ఒక్కటే. ఏప్రిల్‌లో చూడవలె. నాలుగైదు ఆటలు మాత్రమే ముగిసి, పాయింట్ల పట్టిక ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు, ఒక్కొక్క జట్టు అభిమాని ఆ అంకెలను తన జట్టు పూర్వచరిత్రను బట్టి చదువుకొంటాడు. తరచు గెలిచే జట్టువాడు రెండు ఓటములు చూచి నవ్వి ఊరుకొంటాడు. సెయింట్ కిల్డా జట్టువాడు నాలుగు విజయాలు చూచి భయపడతాడు.

సముద్రతీరపు పేట పేరు పెట్టుకొన్న ఈ క్లబ్బు 1873లో పుట్టినది. 1897లో ఎనిమిది క్లబ్బులతో విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగు ఆటలు మొదలైనప్పుడు అందులో ఇదొకటి. ఆదిలోనే హంసపాదు అన్నట్లు మొదటి మూడేండ్లలో ఆడిన ఆటలన్నీ ఓడిపోయినది. వరుసగా నలభై ఎనిమిది. 1900లో దక్కిన మొదటి విజయం కూడ మైదానంలో దక్కినది కాదు. మెల్బోర్న్ జట్టుతో సరిసమానంగా ముగిసిన ఆటపై ఫిర్యాదు చేయగా, ఎదుటివారి పాయింటు ఒకటి చెల్లదని తరువాత తీర్పు వచ్చినది. ఎరుపు, తెలుపు, నలుపు ఈ జట్టు రంగులు. అవి జర్మన్ పతాకపు రంగులు కూడ కావడంచేత, మొదటి ప్రపంచయుద్ధం నడుస్తున్న 1915లో తెలుపుకు బదులు పసుపు పెట్టుకొని, యుద్ధం ముగిసిన కొన్నేండ్లకు గాని తెలుపును తిరిగి తెచ్చుకొనలేదు. నిష్ఠ ఎంత గట్టిదో బలమంత గట్టిదన్న భావం గల లాటిన్ వాక్యం క్లబ్బు చిహ్నం మీద ఉన్నది. లీగులో చివరి స్థానాన నిలిచిన జట్టుకు చెక్క గరిటె దక్కినదని అక్కడివారి పరిహాసం. ఆ గరిటెలు అందరికంటె ఎక్కువ కూడబెట్టినది సెయింట్ కిల్డాయే. నిష్ఠ పరీక్షకు నిలిచినది గాని, బలం మాట అంత నిశ్చయంగా చెప్పడానికి వీలులేదు.

ఈ జట్టును అరువది ఏండ్లుగా వెంబడిస్తున్న ఒక వృద్ధురాలు నగరపు దక్షిణ శివారులలో నివసిస్తున్నది. 1965లో క్లబ్బు జంక్షన్ ఓవల్‌ను విడిచి మూరాబిన్ మైదానానికి తరలివచ్చినప్పుడు ఆమెకు ఎనిమిదేండ్లు. మరుసటి ఏడు సెప్టెంబరు 24న తండ్రి చేయి పట్టుకొని మహాఫైనలుకు వెళ్ళినది. ఎదుటి పక్షం కాలింగ్‌వుడ్. ఆట ముగియవస్తున్న వేళ స్కోరు సమానంగా ఉన్నది. ఆ స్థితిలో బారీ బ్రీన్ తన్నిన బంతి గురి తప్పి, వంకరటింకరగా దొర్లి, ప్రక్క స్తంభాల మధ్యగా పోయినది. 74కు 73. ఒక్క పాయింటు. సెయింట్ కిల్డాకు అదే మొదటి పట్టం. 2025 సీజను ముగిసేనాటికి అదే కడపటిది కూడ. పెద్దల నడుముల మధ్య ఇరుక్కొని నిలబడిన ఆ తొమ్మిదేండ్ల పిల్ల బంతిని చూడనే లేదు. చుట్టూ ఉన్నవారి అరుపు విని గెలిచినట్లు గ్రహించినది. తండ్రి ఏడుస్తున్నాడనీ, ఓడిపోయినామేమోననీ ఒక క్షణం భయపడినదట. ఆ విజయం ఏటా వస్తుందని ఆ రాత్రి ఆమె నమ్మినది. తొమ్మిదేండ్ల పిల్ల నమ్మడంలో తప్పు లేదు. తండ్రి కూడ అలాగే నమ్మినాడు.

ఆమె ఏప్రిల్ ఆటలను చూచే పద్ధతి వేరు. పట్టికలో విజయానికి నాలుగు పాయింట్లిస్తారు. విజయాలు సమానమైనప్పుడు, జట్టు చేసిన స్కోరును ఎదుటివారికిచ్చిన స్కోరుతో భాగించగా వచ్చే శాతం చూస్తారు. ఆమె ముందు శాతమే చూస్తుంది. స్వల్ప తేడాతో వచ్చిన మూడు విజయాలకంటె, గట్టి జట్టు చేతిలో గౌరవంగా ఓడిన ఒక ఓటమిని ఎక్కువ లెక్కలోకి తీసుకొంటుంది. లీగులో పద్ధెనిమిది జట్లున్నవి. ప్రతి జట్టూ ప్రతి ఇతర జట్టుతో రెండుసార్లు ఆడదు. కాబట్టి మొదటి నెలలో బలహీనులు తగిలితే ఎవరి ముఖమైనా కాంతివంతంగానే కనిపిస్తుంది. మార్చిలో నేల గట్టిగా, పొడిగా ఉండి బంతి వేగంగా పోతుంది. పడుచు కాళ్ళకు అనుకూలం. జూలై వానలకు నేల బరువెక్కిన తరువాత ఆ పడుచు కాళ్ళే అలసిపోతాయి. కొత్త శిక్షకుడు పన్నిన వ్యూహం ఎదుటి శిక్షకులకు అంతుచిక్కడానికి ఆరేడు వారాలు పడుతుంది. ఆపైన అది వ్యూహం కాదు, అలవాటు. మరొకటి ఆమె స్వంత సిద్ధాంతం. సెయింట్ కిల్డా తన ఆటలు ఎక్కువగా ఆడేది పైకప్పు మూసుకొనగల డాక్‌లాండ్స్ స్టేడియంలో. గాలీ వానా తగలనిచోట పెరిగిన ఆట, ఆరుబయట జరిగే మహాఫైనలుకు నిలుస్తుందా అని ఆమె అడుగుతుంది. దీనికి తగిన సాక్ష్యం ఉన్నదో లేదో గాని, ఆ ప్రశ్నకు ఇంట్లో ఎవరూ సమాధానం చెప్పలేకపోయినారు.

ఇల్లలకగానే పండుగ కాదని తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆరంభశూరులన్న నింద కూడ వారు వినని మాట కాదు. అయితే ఆరంభశూరుడు పని మధ్యలో విడిచిపెట్టేవాడు. సెయింట్ కిల్డా విడిచిపెట్టలేదు. అందుచేతనే ఆ జట్టు కథ నిందకు లొంగదు. 2004లో మొదటి పది ఆటలూ గెలిచినది. సెమీఫైనలు స్థాయి ఆటలో అడిలైడ్‌కు వెళ్ళి పోర్ట్ అడిలైడ్ చేతిలో ఆరు పాయింట్లతో, అంటే ఒక్క గోల్‌తో, ఓడినది.

2009 సంగతి విపులంగా చెప్పవలసి ఉన్నది. ఆ ఏడు మార్చిలో మొదలైన గెలుపు ఏప్రిల్‌లో ఆగలేదు, మేలో ఆగలేదు. జూలై మొదటివారంలో సెయింట్ కిల్డా, జీలాంగ్ ఎదురుపడేనాటికి రెండు జట్లూ పదమూడేసి ఆటలు ఆడి ఒక్కటీ ఓడలేదు. ఆ ఆటను కూడ సెయింట్ కిల్డా ఒక గోల్ తేడాతో గెలిచినది. పందొమ్మిది వరుస విజయాలు. వృద్ధురాలు ఆ నెలలలో పత్రికలు చదవడం మానివేసినది. ఇరుగుపొరుగువారు అభినందిస్తే మాట మార్చేది. శతమానం భవతి అని దీవించినవారిని చూచి ఆయువు తరుగుతుందేమోనని జంకే మనిషి వలె ఉండేది. ఇరువదవ ఆటలో ఎసెండన్ చేతిలో రెండు పాయింట్లతో జట్టు ఓడినప్పుడు ఆమెకు కలిగినది విచారం కాదు, ఊరట. దిష్టి తీసినట్లయినదని ఆ రాత్రి సుఖంగా నిద్రపోయినది.

మహాఫైనలులో ఎదుటికి వచ్చినది మళ్ళీ జీలాంగే. ఆ రోజు సెయింట్ కిల్డా ఇరువదిమూడు సార్లు స్తంభాల మధ్యకు బంతి పంపినది, జీలాంగ్ ఇరువదిసార్లే. కాని సెయింట్ కిల్డా కొట్టినవాటిలో పదునాలుగు ఒక్కొక్క పాయింటువి, జీలాంగ్ కొట్టినవాటిలో పన్నెండు గోల్‌లు. జీలాంగ్ గోల్‌లలో ఒకటి నిజానికి స్తంభానికి తగిలిన బంతి. అప్పటికి చలనచిత్రంలో మళ్ళీ చూచి తీర్పు సవరించే పద్ధతి రాలేదు. 80కి 68. నలభైమూడేండ్ల క్రితం పట్టం తెచ్చిపెట్టిన ఆ ఒంటి పాయింటే ఈసారి పదునాలుగు సార్లు వచ్చి కూడ పనికిరాలేదు. మరుసటి ఏడు కాలింగ్‌వుడ్‌తో మహాఫైనలు 68కి 68గా ముగిసినది. వారం తరువాత తిరిగి ఆడిన ఆటలో తేడా యాభైయారు పాయింట్లు. దానిని గురించి ఆమె ఎన్నడూ మాట్లాడదు గనుక ఇక్కడ కూడ విడిచిపెట్టవచ్చు.

ఇంతవరకు ఇది ఒక మనిషి సుఖదుఃఖాల లెక్క; ఆమె కోరి తెచ్చుకొన్నది. 2023లో అది మరొకరి లెక్క అయినది. కూతురి కొడుకుకు ఎనిమిదేండ్లు వచ్చినవి. మెల్బోర్న్‌లో పిల్లవాడు ఏ జట్టువాడన్నది గోత్రం వంటిది. బడిలో పేరు తరువాత అడిగే ప్రశ్న అదే. అల్లునిది హాథార్న్ కుటుంబం. పదమూడు పట్టాలు గెలిచిన క్లబ్బు. అందులో ఒకటి 1971లో సెయింట్ కిల్డా మీదనే గెలిచినది. పిల్లవానికి గోధుమ, పసుపు చారల కండువా వారు ఎప్పుడో కొనిపెట్టినారు. కూతురు తల్లితో మెత్తగానే చెప్పినది: “అమ్మా, వాణ్ణి వాళ్ళకే విడిచిపెట్టు. నువ్వు పడినది చాలు, నేను పడినది చాలు. వాడైనా సుఖపడనీ.”

వృద్ధురాలు కాదనలేదు. కాదనడానికి ఆమె వద్ద వాదం లేదు. తండ్రి తనకు అందించినది ఒక మధ్యాహ్నపు ఆనందమూ, దానిని అనుసరించి వచ్చిన యాభైయేడు ఏండ్ల నిరీక్షణా. ప్రేమించే బిడ్డకు అటువంటి ఆస్తిని తెలిసి తెలిసి వ్రాసి ఇచ్చేవారుంటారా? క్లబ్బుల అభిమానం వంశపారంపర్యమని తేలికగా అంటారు గాని, వంశంలో ఎవరో ఒకరు ఇటువంటి నిర్ణయం చేయకపోతే అది పారంపర్యం కాదు.

కాని ఆ ఏడు క్లబ్బుకు నూటయాభైయవ ఏడు. అంతకుముందు 2022లో మొదటి పదకొండు ఆటల్లో ఎనిమిది గెలిచి, చివరకు పదవ స్థానానికి జారి, శిక్షకుణ్ణి కూడ పోగొట్టుకొన్న జట్టు అది. 2009 నాటి శిక్షకుడు రాస్ లయన్ తిరిగి వచ్చినాడు. గాయపడినవారి జాబితా పొడుగైనది. ఎవరూ ఏమీ ఆశించలేదు. అటువంటి జట్టు మొదటి నాలుగు ఆటలూ గెలిచినది. ఏప్రిల్ మధ్యలో పిల్లవాడు పట్టికను కాగితం మీద వ్రాసుకొని అమ్మమ్మ ఇంటి వంటగది గోడకు అతికించినాడు. పై వరుసలోని పేరు క్రింద ఎర్రగీత గీచినాడు. గోధుమరంగు కండువా ఏమైనదో ఎవరూ అడగలేదు.

“అమ్మమ్మా, ఈసారి మనమే గదా?”

శాతం, నేల గట్టిదనం, ముందున్నది ముసళ్ళ పండుగ అన్న సంగతి, పైకప్పు సిద్ధాంతం, అన్నీ ఆమె నాలుక చివర ఉన్నవి. ఒక్కటీ చెప్పలేదు. “మొదటి నాలుగూ మనవే” అన్నది. అది అబద్ధం కాదు. అయిదవ ఆటలో కాలింగ్‌వుడ్ చేతిలో జట్టు స్వల్ప తేడాతో ఓడినది. ఆ ఏడు ఆరవ స్థానాన నిలిచి, మొదటి ఎలిమినేషన్ ఆటలోనే ఇంటిదారి పట్టినది. పిల్లవాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. కూతురు తల్లివైపు చూచి ఏమీ అనలేదు; అనకపోవడమే ఎక్కువగా తగిలినది.

2025లో పిల్లవానికి పదేండ్లు. మొదటి ఆటలో చిత్తుగా ఓడి తరువాత మూడు వరుసగా గెలిచిన జట్టు, యథాప్రకారం చలికాలంలో క్రిందికి జారినది. జూలై 27న మెల్బోర్న్‌తో జరిగిన ఆటలో నాలుగింట మూడు భాగాలు ముగిసేసరికి నలభైయారు పాయింట్లు వెనుకబడి ఉన్నది. ఫైనల్స్ ఆశ అప్పటికే లేదు. వృద్ధురాలు లేచి టీ కాచుకొనడానికి వెళ్ళినది. పిల్లవాడు లేవలేదు. కూతురు చెప్పిన మాటలను అతని మొండితనంలో వింటూ ఆమె నీళ్ళు మరిగించినది. నీళ్ళు మరిగి చల్లారినా టీ కాలేదు. లోపలినుంచి వస్తున్న కేకలకు మూడుసార్లు గుమ్మం దాకా వచ్చి, తాను చూస్తే చెడిపోతుందని మళ్ళీ వెనుకకు పోయినది. నాసియా వాంగనీన్-మిలేరా స్కోరు సమం చేసి, ఆఖరి సైరన్ మ్రోగిన తరువాత మరొక గోల్ కొట్టినాడు. చివరి భాగానికి ముందు అంత వెనుకబడి గెలిచిన జట్టు లీగు చరిత్రలో అంతకుముందు లేదు. ఆమె ఆ గోల్‌ను కూడ చూడలేదు.

మరునాడు పట్టికలో జట్టు దిగువ సగంలోనే ఉన్నది. పిల్లవాడు మిగిలిన ఆటలు లెక్కపెట్టినాడు. నాలుగున్నవి. నాలుగూ గెలిచినా ఫైనల్సుకు చాలదని ఆమె చెప్పబోయేలోగా అతడే చెప్పినాడు. ఆపైన వచ్చే మార్చిలో మొదటి ఆట ఎవరితో ఉంటుందని అడిగినాడు. జాబితా ఇంకా రాలేదని ఆమె అన్నది.