సైకిలు మీద కేంబ్రిడ్జి

పిల్లలూ! ఇంగ్లండులో లండను నగరానికి ఉత్తరంగా సుమారు 50 మైళ్ళ దూరాన, అంటే 80 కిలోమీటర్ల దూరాన, కేంబ్రిడ్జి అనే ఊరు ఉంది. అక్కడి విశ్వవిద్యాలయం 1209లో పుట్టింది. అప్పుడు మన ఓరుగల్లులో కాకతి గణపతిదేవుడు రాజ్యం చేస్తున్నాడు. ఆక్స్‌ఫర్డు అనే మరొక ఊళ్ళో చదువుకునేవాళ్ళకూ ఊరివాళ్ళకూ పెద్ద తగాదా వచ్చింది. కొందరు పండితులు ప్రాణాలు అరచేత పట్టుకుని కేంబ్రిడ్జి చేరి, అక్కడే పాఠాలు మొదలుపెట్టారు. తగాదాల వల్ల కూడా ఒక్కొక్కప్పుడు మేలు జరుగుతుందన్నమాట!

ఈ ఊరు చూడటానికి శని, ఆదివారాలు రెండూ చాలు. కాని సైకిలు ఉండాలి. వీధులు ఇరుకు, కారు వేసుకుని వెళితే దాన్ని ఎక్కడ నిలపాలా అన్న బెంగతోనే పొద్దు గడిచిపోతుంది. నేల మన కోనసీమలాగా బల్లపరుపు. ఆచార్యులూ, విద్యార్థులూ, కూరల సంచీ తగిలించుకున్న ముసలమ్మలూ, అందరూ సైకిళ్ళ మీదే. రైలు స్టేషను పక్కన సైకిళ్ళు పెట్టుకోవటానికే 2016లో ఒక మేడ కట్టారు. అందులో సుమారు 2,800 సైకిళ్ళు పడతాయి. అద్దెకిచ్చే దుకాణాలు కూడా ఉన్నాయి.

అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమ పక్కన పోవాలి కనక మనకు చిక్కు లేదు. మలుపు తిరిగే ముందు చెయ్యి చాపాలి. చీకటి పడ్డాక ముందు తెల్ల దీపమూ, వెనక ఎర్ర దీపమూ లేకుండా తొక్కితే నేరం. బడిపంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది, అందుకే ముందుగా ఇది చెప్పాను. ఇక ఎక్కండి!

శనివారం పొద్దున కింగ్స్ పెరేడ్ అనే వీధిలో బయలుదేరుదాం. విశ్వవిద్యాలయం ఏది అని ఎవరినీ అడగకండి, నవ్వుతారు. అది ఒక్క భవనం కాదు. ఊరినిండా 31 కళాశాలలున్నాయి. అన్నీ కలిస్తేనే విశ్వవిద్యాలయం. వీటిలో అన్నిటికన్నా పాతది పీటర్‌హౌస్, 1284 నాటిది. ఈ వీధిలో కోటలాగా కనిపించేది కింగ్స్ కళాశాల ప్రార్థనామందిరం. దీనికి 1446లో ఆరవ హెన్రీ రాజు శంకుస్థాపన చేశాడు. కట్టడం పూర్తి అయేసరికి 1515 వచ్చింది. లోపలికి వెళ్ళి తల పైకెత్తి చూడండి. రాతి కప్పు అంతా విసనకర్రలు విప్పి పరిచినట్టుంటుంది. మెడ నొప్పి పుట్టేదాకా చూడవలసిందే.

దాని పక్కనే తెల్లరాతి భవనం ఒకటి ఉంది. అది సెనేట్ హౌస్. పరీక్షా ఫలితాలు చదివేదీ, పట్టాలు ఇచ్చేదీ అక్కడే. ఎదురుగా వీధి మూల మీద పుస్తకాల దుకాణం. ఆ చోట 1581 నుంచి పుస్తకాలు అమ్ముతున్నారు. ఇక్కడ సైకిలు దిగండి. ఈ మూల దగ్గర ఒక కథ ఉంది. చాలామంది ప్రయాణికులు ప్రార్థనామందిరం చూసి, ఈ కథ తెలియకుండానే వెళ్ళిపోతారు.

1890లో ఫిలిప్పా ఫాసెట్ అనే అమ్మాయి ఇక్కడ గణితం పరీక్ష రాసింది. అప్పట్లో ఆ పరీక్షలో మొదటివాడుగా వచ్చినవాడికి దేశమంతా పేరు వచ్చేది. మొదటి స్థానం అబ్బాయిలకే ఇస్తారు కనక ఆమె పేరు విడిగా చదివారు. ఏమని? ‘మొదటివాడికంటె పైన’ అని! ఆమెకు మొదటివాడికంటె ఎక్కువ మార్కులు వచ్చాయి మరి. కాని పట్టా మాత్రం ఇవ్వలేదు. ఆడవాళ్ళు పాఠాలు వినవచ్చు, పరీక్షలు రాయవచ్చు; పట్టా పుచ్చుకోరాదు. ఇదీ అప్పటి నియమం.

1897 మే 21న, ఆడవాళ్ళకు కనీసం పట్టా పేరైనా ఇవ్వాలా వద్దా అని ఈ సెనేట్ హౌస్‌లో వోట్లు తీసుకున్నారు. వోటు వెయ్యటానికి పాత విద్యార్థులు లండను నుంచి ప్రత్యేకమైన రైళ్ళలో దిగారు. వీధినిండా కుర్రాళ్ళు. పుస్తకాల దుకాణం పై అంతస్తు నుంచి వాళ్ళొక దిష్టిబొమ్మను వేలాడదీశారు. అది సైకిలు ఎక్కిన ఆడపిల్ల బొమ్మ! చదువుకునే ఆడపిల్లను వెక్కిరించాలంటే ఆ రోజుల్లో సైకిలు ఎక్కించి చూపితే చాలు. పట్టా వద్దన్నవాళ్ళే చాలా ఎక్కువ వోట్లతో నెగ్గారు. కుర్రాళ్ళు ఆ సంబరంలో బొమ్మను కిందికి లాగి, తల తెంపి, ముక్కలు తీసుకుపోయి ఆడపిల్లల న్యూన్‌హాం కళాశాల గేటులో పడేశారు.

మన కలకత్తా విశ్వవిద్యాలయం 1883లోనే చంద్రముఖీ బసు, కాదంబినీ గంగూలీ అనే ఇద్దరికి బి. ఏ. పట్టాలు ఇచ్చింది. కేంబ్రిడ్జి పెద్దలకు ఈ సంగతి తెలియకపోలేదు.

సరే, సైకిలు ఎక్కండి. రెండు నిమిషాలు తొక్కితే ఫ్రీ స్కూల్ లేన్ అనే సన్నని సందు వస్తుంది. 1874లో తెరిచిన కేవెండిష్ ప్రయోగశాల ఇక్కడే ఉండేది. 1974లో ఊరి పడమటి వైపుకు మారింది. పరమాణువును మించి చిన్నది లేదని లోకం అనుకుంటున్నప్పుడు, దానికన్నా ఎంతో చిన్నదైన ఎలక్ట్రాన్‌ను జె. జె. థామ్సన్ ఇక్కడ కనుక్కున్నాడు. ఆ సంగతి లండనులో ప్రకటించినది 1897 ఏప్రిల్ 30న. తేదీ చూశారా? దిష్టిబొమ్మకు సరిగా మూడు వారాల ముందు! కంటికి కనపడని ఎలక్ట్రాన్‌ను పట్టుకున్న ఊరికి, తొలి బెంచీలో కూచున్న ఆడపిల్ల కనపడలేదు. దీన్ని గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ఇప్పటికీ నాకు వింతగానే ఉంటుంది.

ఆ ఆవరణలోనే ఒక గోడ మీద చెక్కిన మొసలి ఉంది. కపిత్సా అనే రష్యను శాస్త్రజ్ఞుడు తన గురువైన రూథర్‌ఫర్డుకు చాటున పెట్టిన పేరు ‘మొసలి’. తన ప్రయోగశాల కట్టినప్పుడు, 1933లో, గోడ మీద దాన్ని చెక్కించాడు. మీరు మీ పంతులుగారికి పెట్టిన పేరు గోడల మీదికి ఎక్కించకండి. ఆ గురువు పెద్ద మనసు గలవాడు.

పక్కనే డౌనింగ్ వీధిలో మానవశాస్త్ర ప్రదర్శనశాల ఉంది. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1946లో కలకత్తా నుంచి వచ్చి ఇక్కడ పని చేశారు. ఆఫ్రికాలోని సూడాన్‌లో తవ్వి తీసిన పురాతన అస్థిపంజరాలను కొలిచి, ఆ కొలతల నుంచి లెక్కలతో ఆనాటి మనుషుల సంగతి చెప్పటం ఆయన పని. ఇక్కడే డాక్టరు పట్టా పుచ్చుకుని, ప్రపంచమంతా ఎరిగిన సంఖ్యాశాస్త్రవేత్త అయి, 102 ఏళ్ళు బతికి 2023లో చనిపోయారు. ఆయనకు ఆ పట్టా వచ్చినది 1948లో. ఈ సంవత్సరం గుర్తుంచుకోండి. రేపు మళ్ళీ వస్తుంది.

సందు చివర ‘ఈగిల్’ అనే పాత పానశాల ఉంది. 1953 ఫిబ్రవరి 28న మధ్యాహ్నం ఫ్రాన్సిస్ క్రిక్ ఇందులోకి వచ్చి, తానూ వాట్సన్ కలిసి జీవరహస్యం కనుక్కున్నామని అందరికీ చెప్పాడు. అదే డి. ఎన్. ఏ. అణువు రూపం: మెలితిప్పిన నిచ్చెన. వాళ్ళకు ముఖ్యమైన ఆధారాలలో ఒకటి లండనులో రోజలిండ్ ఫ్రాంక్లిన్ పరిశోధన నుంచి వచ్చిన ఎక్స్‌రే ఛాయాచిత్రం. ఈమె న్యూన్‌హాంలో చదివి 1941లో పరీక్ష ముగించింది. అప్పుడు ఆమెకు కూడా పూర్తి పట్టా లేదు. క్రిక్, వాట్సన్‌ల పేర్లున్న ఫలకం పానశాల గోడకు పెట్టాక, ఎవరో దాని మీద ఫ్రాంక్లిన్ పేరు చేత్తో రాసిపోయారు. గోడల మీద రాయటం తప్పే. అయితే ఆ రాసినవాళ్ళను నేనైతే బెంచీ ఎక్కించను.

సాయంత్రం ట్రినిటీ కళాశాల వైపు వెళ్ళి న్యూటన్ ఆపిలు చెట్టు చూడవచ్చు. అది న్యూటన్ చూసిన చెట్టు కాదు. ఆయన సొంత ఊరి చెట్టు వంశంలోది, ఇక్కడ 1954లో నాటారు. మన రామానుజన్ 1914 నుంచి 1919 దాకా ఉన్నది ఈ కళాశాలలోనే.

ఆదివారం రెండు వైపులకు పోవాలి. ముందు గిర్టన్ కళాశాలకు. అది ఊరి నడుమ నుంచి వాయవ్యంగా రెండున్నర మైళ్ళు. దారిలో కాసిల్ హిల్ అనే మిట్ట ఒకటుంది. ఈ ఊళ్ళో మీకు ఎక్కడన్నా చెమట పట్టితే ఇక్కడే. ఎమిలీ డేవీస్ అనే ఆమె తోటివారితో కలిసి 1869లో అయిదుగురు విద్యార్థినులతో మరొక ఊళ్ళో పెట్టిన కళాశాలను 1873లో ఇక్కడికి తెచ్చారు. మగపిల్లలకు దూరంగా ఉండాలని, ఊళ్ళో కాక ఇంత దూరాన కట్టారు. పాఠాలకు వెళ్ళాలంటే మొదట్లో వాళ్ళు అద్దె గుర్రబ్బళ్ళు ఎక్కేవాళ్ళు. తరవాత సైకిళ్ళు వచ్చాయి. బండివాడి కోసం ఎదురుచూడనక్కరలేదు, ఎవరి కాళ్ళ మీద వాళ్ళు పోవచ్చు. ఆ దిష్టిబొమ్మను సైకిలు ఎందుకెక్కించారో ఈ రెండున్నర మైళ్ళూ తొక్కితే బాగా తెలుస్తుంది.

1921లో పట్టా పేరు మాత్రం ఇవ్వటానికి పెద్దలు ఒప్పుకున్నారు. మిగతా హక్కులు లేవు. పూర్తి పట్టా ఇవ్వటం మొదలైనది 1948లో, రావుగారు డాక్టరు అయిన ఏడాదే. 1998 జూలైలో విశ్వవిద్యాలయం వారు ఒక మంచి పని చేశారు. 1948కి ముందు చదివి, మర్యాదగా పట్టా పుచ్చుకోలేకపోయిన ఆడవాళ్ళను సెనేట్ హౌస్‌కు పిలిచారు. సుమారు 900 మంది వచ్చారు. అందరూ డెబ్బై, ఎనభై దాటిన ముసలమ్మలు. దిష్టిబొమ్మ వేలాడిన ఆ మూల మీదుగానే, నల్లగౌన్లు తొడుక్కుని నడిచి వెళ్ళారు.

మధ్యాహ్నం దక్షిణానికి తొక్కుదాం. ఊరి బయట పెద్ద ఆసుపత్రి ఉంది. అక్కడి నుంచి గ్రేట్ షెల్ఫర్డ్ అనే గ్రామానికి రైలు పట్టాల పక్కనే సైకిలు బాట వేశారు. ఈ బాట మీద నాలుగు రంగుల్లో అడ్డచారలున్నాయి. మొత్తం 10,257. డి. ఎన్. ఏ. రాత అంతా ఎ, టి, జి, సి అనే నాలుగే అక్షరాలతో ఉంటుంది, అక్షరానికొక రంగు. మన శరీరంలో దెబ్బతిన్న డి. ఎన్. ఏ.ను బాగుచెయ్యటానికి తోడ్పడే బి. ఆర్. సి. ఏ. 2 అనే జన్యువును, ఆ అక్షరాల వరసలోనే, 2005లో ఈ నేల మీద పరిచారు. ఇందులో కొన్ని రకాల తప్పులు దొర్లితే ఆడవాళ్ళకు రొమ్ము కాన్సరు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. డిక్టేషనులో ఒక్క అక్షరం పోతే ఏమిటండీ అని నన్ను అడిగిన పిల్లలుండేవాళ్ళు; వాళ్ళకు ఈ బాట చూపించాలని ఉంది.

చారల మీద చక్రం పోతుంటే రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నెమ్మదిగా తొక్కితేనే వరస కనపడుతుంది. మనిషి డి. ఎన్. ఏ.లోని అక్షరాలన్నీ, అంటే సుమారు 300 కోట్లు, ఇదే కొలతలో పరుచుకుంటూ పోతే ఈ బాట భూమిని సుమారు పదిసార్లు చుట్టి వస్తుంది. మీ పుస్తకంలో లెక్క వేసి చూడండి. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు.

ఎదురుగా ఆసుపత్రికి పనిమీద పోయే ఆడవాళ్ళు సైకిళ్ళ మీద వస్తుంటారు. గంట కొడితే ఎడమకు తప్పుకోండి. గ్రేట్ షెల్ఫర్డ్ దగ్గర చారలు ఆగిపోతాయి. అక్కడ మెలితిరిగిన నిచ్చెన బొమ్మ నిలబెట్టి ఉంటుంది. దాన్ని చుట్టి వెనక్కు తిరగండి. దుకాణం మూసేలోగా సైకిళ్ళు అప్పగించాలి. ఇందాక చదివిన రాతనే ఇప్పుడు చివరి నుంచి మొదటికి చదువుకుంటూ పోదాం.