అనంతగిరిలో ఒక చలిరాత్రి

దోమ నుండి పరిగి, వికారాబాద్ మీదుగా అనంతగిరి చేరేసరికి అస్ర్ వేళయింది. మూసీ నది పుట్టిన ఈ కొండల్లో మా మదరసా పెద్ద విద్యార్థులతో ఒక రాత్రి గుడారాల్లో గడపాలని గత డిసెంబరులో సంకల్పించాము. 'జాకెట్, స్లీపింగ్ బ్యాగు తప్పనిసరి' అని తల్లిదండ్రులకు చీటీ పంపింది మేమే. ఒక బాలుని తండ్రి, చేలో కంది ఇంకా కోతకు రాకముందే, అప్పు చేసి ఆ రెండూ కొన్నాడని మాకు తరువాత తెలిసింది.

అర్ధరాత్రి దాటాక చలి పది డిగ్రీల కిందికి దిగింది. ఉబ్బెత్తు జాకెట్ తొడుక్కుని, బ్యాగులో దూరిన ఆ బాలుడే గజగజ వణుకుతున్నాడు. పక్కన తాతగారి గొంగడిలో మరొకడు హాయిగా నిద్రపోతున్నాడు. మాకు ఆశ్చర్యం కలిగింది. బ్యాగు అడుగున చెయ్యి పెట్టి చూస్తే బండరాయిలా చల్లగా ఉంది.

వెచ్చదనమిచ్చేది బట్ట కాదు, దానిలో చిక్కుకున్న గాలి. ఒంటి బరువుకు కిందివైపు దూది నలిగిపోతే గాలి ఉండదు. నేల ఒంట్లోని వేడిని లాగేస్తుంది. రెండోవాడు గొంగడిని సగం మడిచి కింద పరుచుకున్నాడు. పైగా మొదటివాడు జాకెట్‌తోనే కొండెక్కాడు; లోపలి నూలు చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. పొడి చొక్కా తొడిగించి, ఖాళీ గోనెసంచులు, మా జానిమాజ్‌లు అడుగున పరిచాము. ఫజ్ర్ దాకా కదలలేదు, అల్‌హమ్దులిల్లాహ్.

స్లీపింగ్ బ్యాగు చీటీ మీద సాధారణంగా రెండు ఉష్ణోగ్రతలు వేస్తారు. తక్కువ అంకె, దిట్టమైన మనిషి ముడుచుకుని ఎలాగో రాత్రి గడపగలిగే హద్దు. సుఖంగా నిద్రపట్టేది ఎక్కువ అంకె దగ్గర. కొనేటప్పుడు చూడవలసింది దానినే. 2014 మే 25న మన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎక్కిన ఎవరెస్టు వంటి చోటికి బాతు నూగు నింపినవి కావాలి: తేలిక, మహా వెచ్చన. కాని తడిస్తే నూగు ఉండకట్టి పనికిరాదు. మన మంచుకు కృత్రిమ దూదే మేలు, చవక కూడా. చింతగింజల గంజి పెట్టిన కురుమల గొంగడి కూడా మంచుకు త్వరగా తడవదు.

ఫజ్ర్ తరువాత ఒకడడిగాడు: "హజ్రత్, బాతు ఈకల జాకెట్‌తో నమాజ్ అవుతుందా?" అవుతుందన్నాము. వెంట్రుక, ఉన్ని, ఈకల్లో ప్రాణముండదు గనుక, పంది మినహా, చచ్చిన జీవివైనా అవి పరిశుద్ధమేనని హనఫీ పండితుల మాట. షాఫియీలు చచ్చిన జీవి ఈకలను అపరిశుద్ధమంటారు; వారు విచారించి కొనాలి. అయితే బతికున్న పక్షుల నుండి నూగు పీకే చోట్లూ ఉన్నాయి. మూగజీవిని అలా హింసించి తెచ్చిన వెచ్చదనం మాకు రుచించదు.

తిరిగి వచ్చాక ఆ తండ్రిని కలిశాము. దుకాణంవారు వెనక్కి తీసుకోలేదట. తదుపరి చీటీలో ఇలా రాశాము: దుప్పటి లేదా గొంగడి, కిందికి చాప, మార్చుకోవడానికి పొడి చొక్కా. మదరసా తరఫున నాలుగు బ్యాగులు కొని, లేనివారికి ఇస్తున్నాము. ఆ జాకెట్‌ను ఇప్పుడు తండ్రే వేసుకుని రాత్రిపూట కందిచేను కాపలాకు వెళుతున్నాడు.