మీరేం చేస్తుంటారమ్మా?

ప్రతి యేడూ మన సావనీర్‌లో మహనీయులను గూర్చిన వ్యాసాలు వస్తాయి. సి.వి.రామన్ గారి మీద ఒకటి, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి మీద ఒకటి తప్పనిసరి. ఈసారీ ఉంటాయి, చూడండి. ఒకటి మా రూమ్మేటే రాస్తున్నాడు. నేను టీవీ యాంకర్ సుమ గారి గురించి రాస్తానంటే సంపాదకవర్గంలోని మిత్రుడొకడు "ఒరేయ్, నువ్వు బీయస్సీ కెమిస్ట్రీ వాడివా, సినిమా పత్రిక వాడివా?" అని ఎద్దేవా చేశాడు. రామన్ గారంటే నాకూ గౌరవమే. కాని మా ఇంట్లో ఆడవాళ్ళకు ఆయనెవరో తెలియదు. సుమ గారు తెలుసు. నా చిన్నతనమంతా ఆవిడ మధ్యాహ్నం పూట మా పెంకుటింటికి వస్తూనే ఉన్నారు.

మాది శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికీ పలాసకీ నడుమ ఒక పల్లె. రెండెకరాల వరి, కాసిని జీడిమామిడి చెట్లు. పొద్దున్నే పొలం పోయిన అమ్మ, పక్కింటి పెద్దమ్మ, ఇంకో ఇద్దరు ముగ్గురు మధ్యాహ్నం తిరిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గంజన్నం గిన్నెలతో మా ఇంటి అరుగు మీద కూలబడేవారు. మా టీవీ గుమ్మానికి ఎదురుగా ఉండేది. అరుగు మీంచి కనిపించేది. ఈటీవీలో 'స్టార్ మహిళ' వచ్చేది. అది పదేళ్ళకు పైగా, వేల ఎపిసోడ్లు నడిచింది. ఆటలాడించి, మాటలాడించి, బహుమతులిచ్చే కార్యక్రమం. ఆటలేమంత గొప్పవి కావు, ఆ మాట ఒప్పుకుంటాను. బుడగలు పగలగొట్టడం, గ్లాసులు పేర్చడం లాంటివి మన హాస్టల్ డే నాడు మనమూ ఆడతాం. మా వాళ్ళు అన్నం కలిపిన చేత్తో అలాగే ఆగిపోయి చూసింది ఆటలు కాదు. తమలాంటి ఆడవాళ్ళు మైకు ముందు నిలబడి మాట్లాడటం.

ఇంత తెలుగు మాట్లాడే మనిషి తెలుగు ఆవిడ కాదు. ఈ సంగతి చెబితే మా పెద్దమ్మ నమ్మలేదు. పుట్టింది కేరళలోని పాలక్కాడులో, మాతృభాష మలయాళం, పెరిగింది హైదరాబాదు జంటనగరాల్లో. 1996లో దాసరి నారాయణరావు గారి 'కల్యాణ ప్రాప్తిరస్తు'లో కథానాయిక. 1999లో నటుడు రాజీవ్ కనకాలను పెళ్ళాడి, మద్రాసులో ఎందరికో నటన నేర్పిన దేవదాస్ కనకాల గారింటికి కోడలయ్యారు. కథానాయికగా నిలదొక్కుకోలేదు. సీరియళ్ళు చేశారు. అవి చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, అంటే 1995లో ఈటీవీ వచ్చిన తర్వాత, మన టీవీకి కొత్త రకం మనుషులు అవసరమయ్యారు. అంతకుముందు దూరదర్శన్‌లో అనౌన్సర్లుండేవారు. రాసిచ్చింది తప్పు లేకుండా చదివితే చాలు. కొత్త చానళ్ళకు కాగితం లేకుండా మాట్లాడేవాళ్ళు కావాలి. పట్టు చీరతో నిలబడి, ఎదుటి మనిషి ఏమంటే దానికి అప్పటికప్పుడు బదులు చెప్పి, నవ్వించి, నొప్పించకుండా పంపాలి. సుమ గారు అక్కడ స్థిరపడ్డారు.

నొప్పించకుండా అన్నానే, అది తేలిక అనుకోకండి. మన కాలేజీ ఫ్రెషర్స్ డేకి మైకు పట్టుకునే సీనియర్లను తలుచుకోండి. ఎదుటివాడి ఊరి పేరు మీద, యాస మీద ఒక జోకు వేయనిదే వాళ్ళకు ముద్ద దిగదు. సభ నవ్వుతుంది, ఆ కుర్రాడు మాత్రం మరి మూడేళ్ళు స్టేజీ ఎక్కడు. సుమ గారూ ఆటపట్టిస్తారు, బాగానే పట్టిస్తారు. కాని ఆవిడ వేసే జోకులో సగం తన మీదకే తిప్పుకుంటారు. ఎదుటావిడ ధైర్యం తెచ్చుకుని తిరిగి ఒకటి అంటే దానికి అందరికన్నా ముందు నవ్వేది ఆవిడే. అందుకే భయపడుతూ వచ్చిన మనిషి రెండు నిమిషాల్లో గలగలా మాట్లాడేది.

వచ్చిన ప్రతివారినీ పేరు, ఊరు అడిగేవారు. ఏం చేస్తుంటారనీ అడిగేవారు. చాలామంది "ఏం లేదండీ, హౌస్‌వైఫ్" అనేవారు. ఆ 'ఏం లేదండీ' నా చెవిలో ఉండిపోయింది. ఒకరోజు నేను గరిటె మైకులా పట్టుకుని అమ్మ ముందు నిలబడి "మీరేం చేస్తుంటారమ్మా?" అన్నాను. అమ్మ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "నానేటి సేత్తానండీ, ఇంటికాడే ఉంతాను" అంది. పెద్దమ్మ పకపకా నవ్వింది. అది ఉడుపుల కాలం. అమ్మ చేతివేళ్ళు నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి నేలమట్టమైన సంగతి పేపర్లలో చదివే ఉంటారు. మా చెట్లూ పోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. అమ్మ నాన్నతో సమానంగా కత్తి పట్టి కొమ్మలు నరికింది, మోపులు మోసింది. కరెంటు వచ్చిన రోజు మధ్యాహ్నం ఆ అయిదుగురూ మళ్ళీ అరుగు మీద చేరారు. టీవీ పెట్టమన్నారు. నష్టపరిహారం ఎవరి పేర వస్తుందన్న మాట వచ్చినప్పుడు మాత్రం వాళ్ళలో ఒక్కరి పేరూ రాలేదు. పట్టాదారు పాసు పుస్తకం ఎవరి పేరనుంటే వారే కదా రైతు!

దీనికి శాస్త్రవేత్త ఒకరు దారి వెతికారు. ఎం.ఎస్.స్వామినాథన్ గారు రాజ్యసభలో మహిళా రైతుల హక్కుల కోసం ఒక ప్రైవేటు బిల్లు పెట్టారు. భూమి పేరన లేకపోయినా సేద్యం చేసే స్త్రీని రైతుగా గుర్తించాలన్నది దాని సారాంశం. 2013లో అది మురిగిపోయింది. రామన్ గారి మీద రాసే మిత్రులు వచ్చే యేడు ఈయన మీద రాస్తే బాగుంటుంది.

2022 మే నెలలో సుమ గారి సినిమా 'జయమ్మ పంచాయితీ' వచ్చింది. మా జిల్లా పల్లె కథ. భర్త గుండె ఆపరేషనుకు డబ్బు లేక, ఇన్నాళ్ళూ తాను అందరి శుభకార్యాలకూ చదివించిన ఈడ్లు తనకు తిరిగి రావాలని ఊరి పంచాయితీలో నిలబడి అడిగే ఆడమనిషి జయమ్మ. ఈడ్లు అన్న మాట తెరమీద వినబడగానే మా ఇల్లంతా కేక పెట్టింది. ఆ లెక్క మా ఊళ్ళో ప్రతి ఇంటా నోటుపుస్తకంలో ఉంటుంది, అది ఆడవాళ్ళకే తెలుస్తుంది. పాలక్కాడు ఆవిడ మా యాస ఎలా పలికిందని అడిగితే అమ్మ పరీక్షాధికారిలా ఆలోచించి "మనలాగే మాటాడతంది. విసురే సాల్లేదు" అని తేల్చింది. నేనైతే ఫస్ట్ క్లాసు ఇస్తాను.

కిందటేడు స్కాలర్‌షిప్ ఫారంలో 'తల్లి వృత్తి' దగ్గర 'వ్యవసాయం' అని రాశాను. కౌంటర్లో ఉన్నాయన "పాసు పుస్తకం ఎవరి పేరనుంది?" అన్నారు. మా తాత పేరనని చెప్పాను. "అయితే గృహిణి అని రాయాలి" అంటూ ఎర్ర సిరాతో కొట్టేసి ఆయనే రాసేశారు. నేను ఆ ఫారం చించి, మర్నాడు ఇంకొకటి నింపి, మళ్ళీ వ్యవసాయం అనే రాసి పట్టుకెళ్ళాను. ఆ సీట్లో వేరొకాయన ఉన్నారు. చూడకుండానే ముద్ర వేశారు!

'స్టార్ మహిళ' ఆగిపోయింది. సినిమా వాళ్ళను కూర్చోబెట్టి ఆడించే 'క్యాష్' చాలాకాలం నడిచింది. 2023లో 'సుమ అడ్డా' వచ్చింది. సుమ గారి చమత్కారం ఏమీ తగ్గలేదు, సినిమా వేడుకల్లోనూ ఆవిడ మైకు పట్టనిదే జరగదన్నట్టుంది. నేను సెలవులకు వెళ్ళినప్పుడు ఒకసారి 'అడ్డా' పెట్టాను. అమ్మ కాసేపు చూసింది. ఎవరో హీరో, ఎవరో దర్శకుడు, నవ్వులు. "ఇందల మనోలు నేరు కదరా" అని లేచి గేదెకు కుడితి పెట్టడానికి వెళ్ళిపోయింది.