పెద్దమ్మ ఇంటి మురుగు పైపు

సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మేం ముగ్గురం హాస్టల్ రోజుల మీదే రాద్దామనుకున్నాం. కానీ పప్పుచారు గురించీ, స్టడీ అవర్ కునికిపాట్ల గురించీ ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకే ఈసారి ఒక పైపు గురించి రాస్తున్నాం.

మనకు వండిపెట్టిన పెద్దమ్మ ఇప్పుడు సంతబొమ్మాళిలో ఉంటోంది. పేరు రాస్తే ఒప్పుకోదు, రాయకపోయినా మీకు తెలుసు. వార్షికోత్సవానికి పిలుద్దామని వెళ్తే వంటగది గోడ బయట పైపు కింద బక్కెట్టు కనబడింది.

"ఏటి పెద్దమ్మా ఇది?"

"జాయింటు కారతంది బాబూ. ఎన్నిసార్లు ఎమ్‌సీల్ పెట్టించినా నాల్రోజులే."

మోకాళ్ల నొప్పులతో ఆ బక్కెట్టు రోజుకు ఏడెనిమిదిసార్లు మోస్తోంది. ఆదమరిస్తే ఆ నీరు పొర్లి పక్కింటి బోరింగు గట్టు కిందికి పోతుంది. పక్కింటి పిన్నితో అప్పటికే మాటల్లేవు. ఇసుక నేల, పోసిన నీరు ఇట్టే దిగిపోతుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణమేదో ఇంకా పూర్తిగా తేలలేదు. దానికీ ఈ మురుగుకీ మేం ముడిపెట్టడం లేదు. కానీ తాగే నీళ్ల మాటెత్తితేనే గుండె జారే ప్రాంతం మనది. పిన్ని కోపం మాకు న్యాయంగానే తోచింది.

మాలో ఒకడు ఐటీఐ చదివాడు. వాడు జాయింటు ముట్టుకోకుండా పైపు పొడవునా చూశాడు. గోడకు పట్టి ఉంచాల్సిన ఇనుప క్లాంపులు రెండూ తుప్పుపట్టి విరిగిపోయాయి. నౌపడ ఉప్పుమడుల మీంచి వచ్చే గాలికి ఇనుము ఎన్నాళ్లుంటుంది? పైపు వేలాడుతోంది, నీరు పోసిన ప్రతిసారీ ఊగి జాయింటును లాగుతోంది. పైగా తడి మీద, జిడ్డు మీద పూసిన ఎమ్‌సీల్ పట్టదు.

టెక్కలి వెళ్లి పైపు ముక్క, కప్లింగులు, గమ్, ప్లాస్టిక్ క్లాంపులు తెచ్చాం. పాత జాయింటును ఆక్సా బ్లేడుతో నిటారుగా కోసి తీసేశాం. అంచుల పొట్టు గీకి, గరుకు కాగితంతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచాం. ముందు గమ్ లేకుండా బిగించి చూసుకుని పెన్సిలు గీత పెట్టుకున్నాం. తర్వాత రెండు వైపులా పలచగా గమ్ రాసి, లోపలికి నెట్టి, పావు చుట్టు తిప్పి, అరనిమిషం కదలనీయకుండా పట్టుకున్నాం. వాలు మీటరుకు రెండున్నర సెంటీమీటర్లు. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతోనే కొలిచాం. జాయింటుకు అటూ ఇటూ క్లాంపులు వేశాం.

మర్నాటి దాకా నీళ్లు పోయొద్దంటే పెద్దమ్మకు కోపమొచ్చింది. "అంట్లెక్కడ తోమీది?" అంది. ఆ పూట అంట్లన్నీ పెరట్లో తొట్టి దగ్గర మేమే తోమాం. హాస్టల్లో మన కంచాలు తోముకున్న అలవాటు అక్కడ పనికొచ్చింది.

తెల్లారి పైపు చివర గుడ్డ కుక్కి, నీళ్లు నింపి, జాయింటు చుట్టూ పాత పేపరు చుట్టి పావుగంట ఉంచాం. పేపరు తడవలేదు. గోడవతల నుంచి పిన్ని చూస్తోంది. "ఆగిందా వదినా?" అంది. పెద్దమ్మ జవాబివ్వలేదు గానీ, కాసేపటికి గ్లాసుతో టీ పంపింది.

ఇంకో పని మిగిలింది. పైపు చివరనున్న ఇంకుడు గుంత ఆ బోరింగుకు ఎనిమిది అడుగుల్లోనే ఉంది. యాభై అడుగులైనా దూరముండాలంటారు, ఆ పెరట్లో అంత చోటు లేదు. వీధి చివరి కాలువ దాకా పైపు వెయ్యాలి. సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వెళ్తున్నాం. ఊళ్లో ఉన్నవాళ్లు గునపం, పార పట్టుకుని రండి.