ఆ ట్రాక్టరు పక్కన నిలబడిందెవరు?

కొవ్వూరులో మా ఇంటి వరండాలో గోడగడియారం కింద ఒక ఫొటో ఉండేది. గోదావరి రేవులో ట్రాక్టరు కడుగుతున్న ఫొటో. వెనక టైర్లకి ఇనప చక్రాలు తగిలించి ఉన్నాయి. అంటే దమ్ము చేసి వచ్చిన బండి. పక్కన పంచె ఎగ్గట్టి, బానెట్ మీద చెయ్యేసి ఒకాయన. “మీ తాతయ్యరా. ఊళ్లో మొదటి ట్రాక్టరు మనదే, ఫోర్డ్‌సన్” అనేది నాయనమ్మ. ఇంటికొచ్చిన వాళ్లందరికీ నేనూ అదే చెప్పేవాణ్ని. తాతయ్య 1963లో పోయారు. నేను ఆయన్ని ఎరగను. ఆయన ముఖం అంటే నాకు ఆ ఫొటోయే.

మొన్న సున్నాలు వేయిస్తూ ఫొటో దించితే అద్దం పగిలింది. ఫ్రేము మార్పించుకుందామని రాజమండ్రి పట్టుకెళ్లాను. అలా అది మా ఆదివారం బ్యాచి చేతిలో పడింది.

ఈ బ్యాచి గురించి చెప్పాలి. ముగ్గురు. ఒకాయన రిటైరైన ఫిట్టరు, ఇంకొకాయనది ట్రాక్టరు స్పేరుపార్టుల కొట్టు, మూడో ఆయన చరిత్ర చెప్పిన లెక్చరరు. పాత ఫొటో కనిపిస్తే మిగతావాళ్లం మనుషుల్ని చూస్తాం. వీళ్లు వెనకనున్న రోడ్డు రోలర్ని చూస్తారు. ముందు భాగంలో గుర్రం బొమ్మ ఉంటే ఆవెలింగ్ అండ్ పోర్టర్ అనీ, ఇంగ్లండులో కెంట్ నుంచి వచ్చిందనీ చెప్పేస్తారు. పెళ్లిఫొటోలో పెళ్లికొడుకుని వదిలేసి రోలరు గురించి గంట మాట్లాడిన రోజుంది. ఇంట్లోవాళ్లు వీళ్లని ఎలా భరిస్తున్నారో!

ఆ ఆదివారం దవళేశ్వరం వెళ్దామన్నారు. కాటన్ మ్యూజియం ఆరుబయట పాత యంత్రాలు నిలబెట్టి ఉంటాయి. పిల్లలు వాటి ముందు సెల్ఫీలు తీసుకుంటారు. మావాళ్లు మాత్రం కంపెనీ పేరు పోతపోసిన పలక ఎక్కడుందా అని వంగి వెతుకుతారు. ఫిట్టరుగారు తుప్పుని చేత్తో తుడిచి, బ్రెయిలీ చదివినట్టు అక్షరాలు తడిమి చూస్తారు.

అక్కడ లెక్చరరు గారు ఫోనులో ఒక ఫొటో చూపించారు. ఎవరో పంపించారట. ‘కాటన్ దొర ఆనకట్ట కడుతున్నప్పటి దృశ్యం’ అని కింద రాసి ఉంది. ఫిట్టరుగారు ఒక్క చూపు చూసి నవ్వారు. “ఆయ్, దొరగారికి ప్రొక్లెయినెక్కడిదండీ?”

ఆనకట్ట కట్టింది 1847 నుంచి 1852 దాకా. దవళేశ్వరం కొండరాయి మోయడానికి పట్టాలు వేశారు గానీ, పని చేసింది ముఖ్యంగా వేలమంది కూలీల రెక్కలు. ఫొటోలో ఉన్నది మట్టి తవ్వే యంత్రం. దాని చేతికి మెరిసే ఉక్కు కడ్డీలున్నాయి, అంటే హైడ్రాలిక్. అంతకుముందు తరం యంత్రాల్లో బకెట్‌ని ఇనప తాళ్లు లాగేవి. తాడు ఉందా, కడ్డీ ఉందా అన్న ఒక్క తేడాతోనే ఫొటో వయసు పదీ ఇరవై ఏళ్లు అటూ ఇటూ అవుతుందట. అది ఏ 1970ల నాటిదో అయ్యుండాలి. పాత ఆనకట్ట స్థానంలో 175 గేట్లతో బ్యారేజీ కట్టింది 1970-82 మధ్య కదా. అన్నట్టు, పొక్లెయిన్ అన్నది ఒక ఫ్రెంచి కంపెనీ పేరు. మన నోట్లో ప్రొక్లెయిన్ అయి, ఏ కంపెనీ యంత్రానికైనా అదే పేరు స్థిరపడిపోయింది.

నవ్వుకుంటూ నా ఫొటో తీశాను. “ఇదిగో, మా తాతయ్య ఫోర్డ్‌సన్.”

కొట్టాయన కళ్లజోడు తుడుచుకుని చూశారు. వెంటనే ఏమీ అనలేదు. “ఫోర్డ్‌సన్ మేజరు ముక్కు గుండ్రంగా ఉంటదండి. ఇది చూడండి, పెట్టె కోసినట్టు చదరంగా ఉంది. ఇది ఫోర్డ్ 3000.” ఆ మోడల్ అసలు బయటికొచ్చిందే 1965 ప్రాంతంలో. ఫరీదాబాద్‌లో ఎస్కార్ట్స్ వాళ్లు తయారుచేయడం మొదలెట్టింది 1971లో.

“మరి తాతయ్య 1963లోనే...” అన్నాను. నా మాట నాకే వినిపించి ఆగిపోయాను.

లెక్చరరు గారు భూతద్దం తీశారు. ఆయన జేబులో ఎప్పుడూ ఉంటుంది. ఫొటోలో వెనకాల మసక మసగ్గా వంతెన. అది 1900 నాటి హేవలాక్ వంతెన అయితే ఒకటే వరస ఉండాలి. ఇక్కడ లోపల రైలు దారి, దాని పైన రోడ్డు. రోడ్డు కమ్ రైలు వంతెన. అంటే 1974 తర్వాత తీసిన ఫొటో. ఆ వంతెన మీద వెయ్యిసార్లు తిరిగాను. ఫొటోలో అది ఉందని నలభై ఏళ్లలో ఒక్కసారీ గమనించలేదు.

ఆ సాయంత్రమే దానవాయిపేటలో మా మేనత్త దగ్గరికి వెళ్లాను. ఫొటో చూసి అత్తయ్య ఆశ్చర్యపోలేదు.

“మా చిన్నాన్నరా” అంది.

మా తాతయ్య తమ్ముడు. అన్న పోయాక పొలం చూసింది, పిల్లల్ని చదివించింది, అత్తయ్య పెళ్లి చేసింది ఆయనే. తర్వాత పంపకాల్లో మాటలు పెరిగాయి. ట్రాక్టరు తన వాటాకి తీసుకుని, చాలామంది గోదావరి వాళ్లు వెళ్లినట్టే, తుంగభద్ర కాలవ కిందికి, సింధనూరు దగ్గర క్యాంపుకి వెళ్లిపోయాడట. ఇంట్లో మళ్లీ ఆయన పేరు ఎత్తలేదు. ఆ ఫొటో సంగతి వస్తే నాన్న అవుననీ కాదనీ అనకుండా లేచి వెళ్లిపోవడం అప్పుడు గుర్తొచ్చింది.

“మరి నాయనమ్మ ఎందుకు అలా...”

“మా నాన్నకి ఫొటో ఏదిరా? ఒక్కటీ తీయించుకోలేదు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే పోలిక. అమ్మ దీనికి రోజూ దండం పెట్టుకునేది.” కాసేపు ఊరుకుని, “మీవాళ్లు రంగు చెప్పారా?” అని అడిగింది.

“నీలం అయ్యుంటుందన్నారు అత్తయ్యా.”

“నీలమే. పెళ్లయ్యాక నా సామాను ట్రక్కులో వేసుకుని, కొత్త వంతెన మీంచి ఆయనే తోలుకొచ్చాడు. నేను మడ్‌గార్డు మీద కూర్చున్నాను. ‘కిందకి చూడకే, కళ్లు తిరుగుతాయి’ అంటానే ఉన్నాడు దారి పొడుగునా.”