డబ్బుతో కప్పు కొనొచ్చా?

నాలుగు మ్యాచ్‌లు, నాలుగు పరుగులు. 2025 అక్టోబరులో మా మిల్వాకీ బ్రూయర్స్ కథ ఇంతే.

ఆ సీజన్‌లో అమెరికా మొత్తం మీద ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన బేస్‌బాల్ టీమ్ మాదే. 97 గెలిచాం. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ గెలిచినవి 93. రెగ్యులర్ సీజన్‌లో ఈ రెండు టీమ్‌లూ ఆరుసార్లు తలపడితే ఆరుకి ఆరూ మావే. తీరా వరల్డ్ సిరీస్‌కి ఒక్క మెట్టు కింద అదే డాడ్జర్స్ ఎదురొచ్చి 4-0తో ఊడ్చేశారు. మ్యాచ్‌కి ఒక్క పరుగు, రేషన్ ఇచ్చినట్టు ఇచ్చారు. ఆ తర్వాత టొరంటో బ్లూ జేస్‌ని కూడా ఓడించి వరసగా రెండో ఏడాది కప్పు ఎత్తారు.

అప్పట్నుంచీ ఇక్కడ ఏ ఇద్దరు కలిసినా ఇదే పంచాయితీ. డాడ్జర్స్ గెలిచారా, కొనుక్కున్నారా?

నేను చదువుకోడానికి మిల్వాకీ వచ్చి, ఉద్యోగం దొరికి ఇక్కడే ఉండిపోయినవాణ్ణి. టీవీలో క్రికెట్ కనపడని ఊళ్ళో బంతీ బ్యాటూ ఉంటే చాలని మొదలెట్టిన పిచ్చి ఇది. మా అత్త కొడుకు, అంటే బావ, లాస్ ఏంజెలెస్ పక్కన అర్వైన్‌లో ఉంటాడు. నీలం టోపీ పెట్టుకునే నిద్రపోయే రకం. ఈ విషయంలో మా ఇద్దరికీ పొత్తు కుదరదు.

ముందు లెక్కలు చూడండి. 2023 డిసెంబరులో డాడ్జర్స్ షోహేయ్ ఓటానీతో పదేళ్ళకి 70 కోట్ల ఒప్పందం చేసుకున్నారు. రూపాయలు కాదండోయ్, డాలర్లు. అందులో 68 కోట్లు ఇప్పుడివ్వక్కర్లేదు. 2034 నుంచి 2043 దాకా వడ్డీ లేకుండా ఇస్తారు. అప్పటిదాకా అతను తీసుకునేది ఏడాదికి 20 లక్షల డాలర్లే. నో కాస్ట్ ఈఎమ్ఐలో ఫోన్ కొన్నట్టన్నమాట. అదే నెలలో యోషినోబు యమమోటో అనే పిచ్చర్‌కి 12 ఏళ్ళకి 32.5 కోట్లు. మరుసటి ఏడాది బ్లేక్ స్నెల్‌కి 18.2 కోట్లు.

మన ఐపీఎల్‌లో ఇది కుదరదు. 2025 సీజన్ వేలానికి హైదరాబాద్‌కైనా ముంబైకైనా పర్సు 120 కోట్ల రూపాయలే. అది దాటితే ఆట బంద్. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అలాంటి పరిమితి లేదు. ఒక గీత ఉంటుంది, దాటితే పన్ను కట్టాలి, అంతే. డబ్బున్నవాడికి అది గోడ కాదు, టోల్ గేటు. 2024కి డాడ్జర్స్ కట్టిన పన్నే 10 కోట్ల డాలర్లు దాటింది. కట్టేసి హాయిగా ముందుకెళ్ళిపోయారు.

ఎక్కడిదంత డబ్బు? ఒక్క లోకల్ టీవీ హక్కులకే వాళ్ళకి 25 ఏళ్ళ ఒప్పందం ఉంది, 800 కోట్ల డాలర్ల పైమాటే. 2025లో వాళ్ళ స్టేడియానికి వచ్చిన జనం 40 లక్షలు. ఓటానీ వచ్చాక జపాన్ కంపెనీల ప్రకటనలు వేరే. మా మిల్వాకీ ఏమో ఈ లీగ్‌లోకెల్లా చిన్న మార్కెట్.

బావ దగ్గర దీనికి జవాబు రెడీగా ఉంటుంది. "ఒరేయ్, డబ్బే గెలిపిస్తే న్యూయార్క్ మెట్స్ సంగతేంట్రా?" నిజమే. హువాన్ సోటోకి 15 ఏళ్ళకి 76.5 కోట్ల డాలర్లు రాసిచ్చిన మెట్స్, 2025లో ప్లేఆఫ్స్‌కి కూడా రాలేదు. ఆఖరి రోజు మ్యాచ్ ఓడి ఇంటికెళ్ళారు. మన దగ్గరా అంతేగా, 27 కోట్లు పెట్టి రిషభ్ పంత్‌ని కొన్న లక్నో అదే ఏడాది ప్లేఆఫ్స్ బయటే ఉండిపోయింది. డబ్బుంటే కొండ మీది కోతైనా దిగొస్తుందంటారు. దిగొచ్చిన కోతి ఆడాలిగా మరి.

బావ చెప్పేది తప్పని నేననను. కానీ వాడి వాదనలో ఒక కన్నం ఉంది. అది నాకు కనపడింది మా ఓటమిలోనే.

ఆ నాలుగు మ్యాచ్‌లూ డాడ్జర్స్ తరఫున మొదలెట్టిన పిచ్చర్లు వరసగా స్నెల్, యమమోటో, టైలర్ గ్లాస్నో, ఓటానీ. (బేస్‌బాల్ తెలీనివాళ్ళకి: పిచ్చర్ అంటే మన బౌలరే అనుకోండి. కాకపోతే మొదలెట్టినవాడే చాలాసేపు వేస్తాడు, సగం మ్యాచ్ వాడి చేతిలోనే.) స్నెల్ ఎనిమిది ఇన్నింగ్స్‌లో మాకిచ్చింది ఒక్క హిట్. యమమోటో మ్యాచ్ మొత్తం తనే వేసేశాడు. అతను వేసిన మొట్టమొదటి బంతికే మా కుర్రాడు జాక్సన్ చూరియో హోమ్ రన్ కొట్టాడు. ఇల్లంతా ఎగిరాం. ఆ రోజుకి మా పరుగులు అంతే. నాలుగో మ్యాచ్‌లో ఓటానీ పదిమందిని స్ట్రైకౌట్ చేసి, తనే బ్యాట్ పట్టుకుని మూడు హోమ్ రన్‌లు కొట్టాడు. అది చూస్తూ కోపం కూడా రాలేదు నాకు. నోరు తెరుచుకుని ఉండిపోయా.

ఇప్పుడు అసలు సంగతి. స్నెల్ ఏప్రిల్ మొదట్లో గాయపడి ఆగస్టు దాకా రాలేదు. గ్లాస్నో ఏప్రిల్ చివర్లో వెళ్ళి జులైలో వచ్చాడు. జపాన్ నుంచి తెచ్చిన రోకీ ససాకీ మే నుంచి సెప్టెంబరు దాకా లేడు. ఇంకో టీమ్ అయితే జూన్‌కల్లా దుకాణం సర్దేసుకునేది. వీళ్ళు మాత్రం 93 గెలిచి, అందర్నీ ఆరాంగా కోలుకోనిచ్చి, అక్టోబరుకి తాజాగా దించారు. ఇంకొకటి వినండి. టానర్ స్కాట్ అనే పిచ్చర్‌కి నాలుగేళ్ళకి 7.2 కోట్ల డాలర్లిచ్చారు. చేతిలో ఉన్న గెలుపుల్ని కాపాడటం అతని పని. సీజనంతా వాటిని చేజారుస్తూనే ఉన్నాడు. అక్టోబరులో ఒక్క బంతి వెయ్యలేదు. అయినా ఏమైంది? ఏమీ కాలేదు.

మా ఫీల్డ్‌లో దీన్ని రిడండెన్సీ అంటాం. పెద్ద కంపెనీలో ఒక సర్వర్ పడిపోతే ఇంకోటి లేస్తుంది, కస్టమర్‌కి తెలియను కూడా తెలీదు. ఒక్క సర్వర్‌తో నడిచే చిన్న స్టార్టప్‌లో అది పడిపోయిన రాత్రి ఎవ్వరూ నిద్రపోరు. డాడ్జర్స్ డబ్బుతో కొన్నది గెలుపు కాదు, తప్పు చేసినా మునిగిపోని సౌకర్యం. 7.2 కోట్ల తప్పు వాళ్ళకి ఎక్సెల్ షీట్‌లో ఒక గడి. అదే తప్పు మా టీమ్ చేస్తే మూడేళ్ళు గల్లంతు. మెట్స్ ఓడినా అంతే కదా, మళ్ళీ ఏడాది మళ్ళీ ఖర్చుపెట్టి మళ్ళీ ట్రై చేస్తారు. అందుకే బావ చెప్పే మెట్స్ ఉదాహరణ నాకు పూర్తిగా మింగుడుపడదు.

ఈ తేడా కడుపులో ఎలా ఉంటుందో మా ఆఫీసులో ఒక పెద్దాయన్ని చూస్తే తెలుస్తుంది. పుట్టిందీ పెరిగిందీ మిల్వాకీలోనే. బ్రూయర్స్ వరల్డ్ సిరీస్‌లో ఆడింది ఒకే ఒక్కసారి, 1982లో, అదీ ఏడో మ్యాచ్‌లో ఓడిపోయారు. అప్పుడాయన స్కూలు పిల్లాడు. నేను ఇండియా నుంచి వచ్చిన కొత్తలో నాకు రూల్స్ నేర్పిందీ, స్టేడియం పార్కింగ్‌లో నిలబడి సాసేజ్ కాల్చుకు తినడం నేర్పిందీ ఆయనే. ఆయన వేసుకునే జెర్సీ వెనక ఏ ప్లేయర్ పేరూ ఉండదు. ఎందుకని ఒకసారి అడిగా. "పేరు రాయించుకున్న ప్రతివాణ్ణీ పంపించేస్తున్నారోయ్" అన్నాడు.

అబద్ధం కాదు. 2022లో జాష్ హేడర్‌ని శాన్ డియేగోకి ఇచ్చేశారు. 2024లో కార్బిన్ బర్న్స్‌ని బాల్టిమోర్‌కి, అదే ఏడాది చివర్లో డెవిన్ విలియమ్స్‌ని యాంకీస్‌కి. కుర్రాడిగా తెచ్చి, పెంచి, సరిగ్గా రేటు పెరిగే టైముకి ఇంకొకరికి అప్పజెప్పి, బదులుగా మళ్ళీ కుర్రాళ్ళని తెచ్చుకోవడం. ఆడపిల్ల పెళ్ళిలా ఏటా ఒక అప్పగింతలు. ప్లేయర్లు సరే, మేనేజర్ క్రెయిగ్ కౌన్సెల్ అయితే మిల్వాకీ పక్కూళ్ళోనే పెరిగినవాడు. 2023లో చికాగో కబ్స్ ఐదేళ్ళకి 4 కోట్ల డాలర్లు ఇస్తామంటే వెళ్ళిపోయాడు. నేనైనా వెళ్తాను, హైక్ వస్తే ఎవడాగుతాడు? ఆ మాటే పెద్దాయనతో అంటే ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ఇన్ని అప్పగింతల తర్వాత కూడా 97 గెలిచారంటే ఆలోచించండి. తెలివి తక్కువై ఓడిపోయిన టీమ్ కాదిది.

తెలివి అంటే మనీబాల్ సినిమా గుర్తొస్తుంది. బ్రాడ్ పిట్ సినిమా, చాలామంది చూసే ఉంటారు. 2002లో ఓక్లండ్ ఏస్ జీతాల ఖర్చు దాదాపు 4 కోట్ల డాలర్లు, యాంకీస్‌ది 12 కోట్ల పైన. రెండూ సమానంగా 103 మ్యాచ్‌లు గెలిచాయి. డబ్బున్నోళ్ళని లెక్కలతో కొట్టొచ్చు అని ఇంజనీర్లందరం చప్పట్లు కొట్టిన కథ. కానీ ఆ ఓక్లండ్ కప్పు గెలవలేదు. పైగా పేద టీమ్‌ల ఆ తెలివిని పెద్ద టీమ్‌లు ఊరికే వదుల్తాయా? తక్కువ ఖర్చుతో టంపా బేని నిలబెట్టిన ఆండ్రూ ఫ్రీడ్‌మన్‌ని 2014లో డాడ్జర్స్ తెచ్చుకున్నారు. ఇప్పటికీ వాళ్ళ బేస్‌బాల్ వ్యవహారాలన్నీ నడిపేది ఆయనే. అంటే పేదవాడి దగ్గరున్న ఒకే ఒక్క ఆయుధం కూడా అటే వెళ్ళింది. నాకు ఓటానీ 70 కోట్ల కంటే ఎక్కువ గుచ్చుకునేది ఇదే.

ఇంతా చెప్పి, నవంబరు 1 రాత్రి గురించి చెప్పకపోతే అన్యాయం. టొరంటోలో ఏడో మ్యాచ్. నేను టొరంటో వైపు. (వాళ్ళేమీ పేదవాళ్ళు కాదు. వ్లాదిమిర్ గెరెరో జూనియర్‌కి 50 కోట్ల డాలర్లు రాసిచ్చారు. ఓటానీ కోసమూ గట్టిగానే ప్రయత్నించారు. అతనొస్తున్నాడని ఒక ప్రైవేట్ జెట్‌ని జనం ఫోన్లలో ఫాలో అయితే, అందులోంచి వేరే వ్యాపారవేత్త దిగాడు.) బావ వీడియో కాల్‌లో ఉన్నాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మ్యాక్స్ మన్సీ హోమ్ రన్. ఈ మన్సీని 2017లో ఓక్లండ్ వద్దనుకుని వదిలేస్తే, డాడ్జర్స్ చిల్లర ఒప్పందం మీద తెచ్చుకున్నారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇంకో ఇద్దరు అవుటైతే టొరంటో గెలుస్తుందనగా మిగెల్ రోహాస్ హోమ్ రన్ కొట్టి స్కోరు సమం చేశాడు. 36 ఏళ్ళవాడు, బ్యాటింగ్ కోసం ఎవరూ కొనే మనిషి కాడు. ఆ వెంటనే టొరంటో రన్నర్ హోమ్ ప్లేట్ దగ్గర అంగుళాల తేడాతో అవుట్. 11వ ఇన్నింగ్స్‌లో గెలుపు హోమ్ రన్ కొట్టింది విల్ స్మిత్. డాడ్జర్స్ 2016లో డ్రాఫ్ట్‌లో తీసుకుని సొంతంగా పెంచుకున్న కుర్రాడు.

"ఇప్పుడు చెప్పరా, ఇందులో ఏది కొన్నాం?" అని బావ అరుస్తున్నాడు. నా దగ్గర జవాబు లేదు. యమమోటో ముందు రోజు రాత్రి ఆరో మ్యాచ్ మొదలెట్టి 96 బంతులు వేశాడు. మర్నాడే మళ్ళీ వచ్చి చివరిదాకా వేసి ముగించాడు. 32.5 కోట్ల ఒప్పందంలో ఆ రెండో రాత్రి రాసి ఉండదు. అలాంటి చెయ్యికి ఆ రోజు విశ్రాంతి ఇవ్వాలి. అయినా వేశాడు. దాన్ని కొన్నారనడానికి నాకు నోరు రాలేదు.

కానీ బావా, ఆ మెట్టు దాకా ఏటా వచ్చి నిలబడే టికెట్ మాత్రం కొన్నదే. ఆ మాటా అన్నాను. వాడు వినలేదు, టపాసులు కాలుస్తున్నారట బయట.

ఇప్పుడీ గొడవ వీధిలోంచి ఆఫీసులకెక్కింది. యజమానులకీ ప్లేయర్ల సంఘానికీ మధ్య ఒప్పందం 2026 డిసెంబరు 1తో ముగుస్తుంది. డాడ్జర్స్‌ని చూపించి జీతాలకి పరిమితి పెట్టాలంటున్నారు యజమానులు. ప్లేయర్లు ససేమిరా అంటున్నారు. 1994లో ఇదే గొడవ మీద సమ్మె జరిగి ఆ ఏడాది వరల్డ్ సిరీసే లేకుండా పోయింది.

నేను పరిమితి వైపే. ఐపీఎల్ చూసి పెరిగినవాడికి అది మామూలు విషయం. విచిత్రమేంటంటే, అందరికంటే ఎక్కువ నష్టపోయిన మా పెద్దాయన ఒప్పుకోడు. "డాడ్జర్స్ ఖర్చు ఆపితే ఆ డబ్బు నాకొస్తుందా, నా టీమ్‌కొస్తుందా? యజమాని జేబులోనే ఉంటుంది" అంటాడు. అదీ నిజమే. అందుకని పై గీతతో పాటు కింద గీత కూడా ఉండాలి, ప్రతి టీమూ కనీసం ఇంత ఖర్చుపెట్టి తీరాలి, టీవీ డబ్బు పంచుకోవాలి అని నా లెక్క. దానికి మాత్రం ఆయన తలూపాడు.

ఇదే ప్లాన్ బావకి చెప్పా. ఓపిగ్గా విన్నాడు. విని, "అన్నట్టు మీ బ్రూయర్స్ ఓనర్ ఉండేది మా లాస్ ఏంజెలెస్‌లోనే కదరా, కనిపిస్తే చెప్తాలే" అన్నాడు.