బందరు శక్తిపటాలు

దసరా వస్తే జనమంతా ఇంద్రకీలాద్రి దారి పడతారు. నా మనసు మాత్రం బెజవాడ దాటి, డెబ్బై కిలోమీటర్ల అవతలి బందరుకు పోతుంది. ఈడేపల్లి శక్తిగుడి దగ్గర డప్పులు మోగుతాయి. కాళికాదేవి పటం వీపున కట్టుకున్న మనిషి, ఆ బరువుతోనే చిందులేస్తూ వీధులన్నీ తిరుగుతాడు. కలకత్తా నుంచి వచ్చిన ఆచారమంటారు పెద్దలు. విజయదశమి రాత్రి పటాలన్నీ కోనేరు సెంటరుకు చేరతాయి.

1611లో ఇంగ్లీషువాళ్లు వర్తకశాల పెట్టిన రేవు ఇది. 1864 ఉప్పెన వేలమందిని మింగింది. ఓడలు పోయాయి, కోట కూలింది. మోసే భుజాలున్నాయి కనుక పటం నిలిచింది. నా లెక్కలో వారసత్వమంటే ఆ చెమటే.

ఈసారి దుర్గమ్మ దర్శనమయ్యాక ఒక్క రాత్రి బందరులో ఆగండి. పిల్లల్నీ తీసుకెళ్లండి.